కిడ్నీ రాసే ఇండెంటు

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక నీలం ఫైలు ఉంది. అందులో బ్యాంకు కాగితాలేమీ లేవు, అన్నీ రక్తపరీక్ష రిపోర్టులే. ఒకటి నాది, ఒకటి మా అప్పది, ఒకటి మా మనవడిది. (బళ్ళారి, హోసూరు పాఠకులకు చిన్న మనవి: మా బరంపురం వైపు అక్కని ‘అప్ప’ అంటాం. ఇదేదో మా నాన్నగారి సంగతి అనుకోకండి.) మూడు రిపోర్టుల్లోనూ హిమోగ్లోబిన్ అంకె మామూలుగా లేదు. నాది ఎక్కువ, మిగతా ఇద్దరిదీ తక్కువ. మూడింటికీ కీలకం ఒకే చోట ఉందని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో నేనొక తప్పు కూడా చేశాను. దాన్ని దాచుకోకుండా రాయాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

నేను డాక్టర్ని కాను. ఖల్లికోట కాలేజీలో బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో లెడ్జర్లతో కాపురం చేస్తున్నవాణ్ణి. సాయంత్రానికి క్యాష్ టాలీ కాకపోతే ఇంటికి కదలని జాతి మాది. అందుకే కాబోలు, రక్తం లెక్క నన్ను అంతగా ఆకట్టుకుంది. మనిషి ఒంట్లో సుమారు 25 లక్షల కోట్ల ఎర్ర రక్తకణాలు ఉంటాయి. ఒక్కొక్కదాని ఆయుష్షు 120 రోజులు. అంటే రోజుకి దాదాపు 20,000 కోట్ల కణాలు రిటైరవుతుంటే, అన్నే కొత్తవి ఎముకల మూలుగలో తయారై డ్యూటీలో చేరాలి. సెకనుకి 20 లక్షల పైమాటే. మనం నిద్రపోతున్నా, పెళ్ళి భోజనం చేస్తున్నా ఈ లెక్క టాలీ అవుతూనే ఉంటుంది. మరి ఎన్ని చేయాలో మూలుగకి ఎవరు చెబుతారు?

ఆ ప్రశ్న నాకు మొదట లేహ్‌లో తట్టింది. 2022 జూన్‌లో ఆడిట్ పని మీద నన్ను ఆరు వారాలు అక్కడికి పంపారు. మాది సముద్రానికి పదిమైళ్ళ దూరంలో ఉన్న ఊరు. లేహ్ సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో దింపేస్తారు. వెళ్ళే ముందు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కోసం చేయించిన పరీక్షలో నా హిమోగ్లోబిన్ 14.4.

అక్కడి గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కాదట. ఎక్కడైనా అది 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్‌లో ఆ ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. దాంతో ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఎక్కే ఆక్సిజన్ తగ్గిపోతుంది. మొదటి రోజు హోటల్ కుర్రవాడు వేలికి తగిలించిన మీటరు 86 చూపించింది. మెట్లెక్కితే గుండె దడదడ. రెండు రోజులు మంచం దిగవద్దన్నారు. దిగాలన్నా నాకు ఓపిక లేదు.

ఆ రెండు రోజుల్లో ఒంట్లో జరిగే పనులు తర్వాత చదివి తెలుసుకున్నాను. నిమిషాల్లో జరిగేది ఊపిరి, గుండె వేగం పెరగడం. అది చేతిలో ఉన్న చిల్లరతో సర్దుకోవడం లాంటిది. తర్వాత ఒకటి రెండు రోజుల్లో శరీరం రక్తంలోని నీటిని, అంటే ప్లాస్మాని, తగ్గించుకుంటుంది. పులుసు మరిగిస్తే చిక్కబడినట్టు రక్తం చిక్కబడుతుంది. అప్పటికి ఒక్క కణమైనా అదనంగా చేరలేదు, అయినా రిపోర్టులో అంకె పెరిగి కనిపిస్తుంది. మూడోది అసలైన పెరుగుదల, దానికి వారాలు పట్టాలి. ఎత్తు ప్రదేశాల్లో రక్తకణాలు పెరుగుతాయని లెక్కపెట్టి చూపినవాడు వియో అనే ఫ్రెంచి వైద్యుడు. 1890లో పెరూ దేశపు కొండల్లో, మొరొకోచ అనే గని ఊళ్ళో, తన రక్తాన్నే పరీక్షించుకున్నాడు. ఒక ఘన మిల్లీమీటరుకి 50 లక్షలున్న కణాలు మూడు వారాలకి 80 లక్షల దాకా పెరిగాయి. అందులో కొంత మనం చెప్పుకున్న పులుసు లెక్కే అయినా, మొత్తం మీద మాట నిజమే.

ఆరు వారాలయ్యాక తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. 16.6! నాకేదో ఇంక్రిమెంటు వచ్చినంత సంబరం. ఇక్కడే నా తప్పు మొదలైంది.

మా అప్పకి అప్పటికి ఏడాదిగా నీరసం. ఆవిడకి అరవై నాలుగేళ్ళు, పద్ధెనిమిదేళ్ళుగా షుగరు. బావగారు పోయాక మా ఇంటి వెనక వాటాలోనే ఉంటోంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, మొహం పాలిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. అందరం కలిసి తీర్పు చెప్పేశాం: “సరిగ్గా తినదు.” మా ఆవిడ మునగాకు, తోటకూర, నువ్వులుండలు చేసి పెట్టింది. నేను బీట్‌రూటు, దానిమ్మ తెచ్చాను. మందుల షాపువాడు ఇచ్చిన ఇనుము టానిక్కు మూడు సీసాలయ్యాయి. అంకె 8.9 నుంచి 8.2కి దిగింది. అలాంటి సమయంలో లేహ్ నుంచి నా 16.6 జేబులో పెట్టుకుని వచ్చి, భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాను: “ఆ చలిలో రొట్టె, పప్పు తిని నేను పెంచుకున్నాను. ఇంట్లో అన్నీ అమరి ఉండి నువ్వు పెంచుకోలేవా అప్పా?”

అప్ప ఏమీ అనలేదు. కంచంలో మిగిలిన తోటకూర కలిపి తినేసింది. తనకి తోటకూర ఇష్టం లేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

నా 16.6 నా రొట్టె, పప్పు వల్ల రాలేదు. అది నా కిడ్నీలు రాసిన ఇండెంటు వల్ల వచ్చింది. ఈ సంగతి 2023 జనవరిలో విశాఖలో ఒక కిడ్నీ వైద్యుడి గదిలో తెలిసింది. అప్పటికి అప్ప కాళ్ళకి నీరు పట్టడంతో తీసుకువెళ్ళాం. క్రియాటినిన్ 3.8. ఆయన కాగితాలు చూసి, “ఈవిడ మూలుగ బాగానే ఉంది. దానికి ఆర్డరు అందడం లేదు, అంతే. ఆర్డరు పంపేది కిడ్నీ” అన్నారు.

కిడ్నీ అంటే మూత్రం వడగట్టేదని మాత్రమే నాకు తెలుసు. దానికి రెండో ఉద్యోగం ఉంది. ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను పెద్దవారిలో చాలా మటుకు అక్కడే తయారవుతుంది. మూలుగలో ప్రతి నిమిషం పసి కణాలు పుడుతుంటాయి, చాలావరకు ఎదగకుండానే రాలిపోతుంటాయి. ఈ హార్మోను అందితే అవి రాలిపోకుండా నిలిచి ఎదుగుతాయి. ఎంత ఎక్కువ అందితే అన్ని ఎక్కువ నిలుస్తాయి. అంటే పుట్టించడం కన్నా కాపాడటమే దాని పని.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం, కిడ్నీ కణాలను లెక్కపెట్టదు. అది చూసేది తన దగ్గరికి వచ్చే ఆక్సిజన్ చాలుతోందా లేదా అని మాత్రమే. క్యాష్ లెక్కపెట్టే క్యాషియరు కాదు, కౌంటరు ముందు క్యూ ఎంత పెరిగిందో చూసే మేనేజరు అది. కండరాలకి ఈ పని అప్పగిస్తే కుదరదు. మనం పరుగెత్తినప్పుడల్లా అక్కడ ఆక్సిజన్ తగ్గి దొంగ అలారం మోగుతుంది. కిడ్నీలో అలా కాదు. గుండె పంపే రక్తంలో ఐదో వంతు దానికే పోతుంది. రక్తం రాక తగ్గితే దాని వడపోత పనీ, ఆక్సిజన్ ఖర్చూ కూడా తగ్గుతాయి. అందువల్ల లోపల ఆక్సిజన్ మట్టం ఇంచుమించు నిలకడగా ఉంటుంది. అది తగ్గిందంటే రక్తమే తక్కువైందన్నమాట, లేదా గాలే పలచబడిందన్నమాట. పైగా రక్తంలో నీరెంత ఉండాలో చూసేది కూడా కిడ్నీయే కాబట్టి, పులుసులో నీళ్ళూ ముక్కలూ రెండూ ఒకే చేతిలో ఉన్నాయి.

ఆ ఇండెంటు రాసే తీరు ఇంకా చిత్రం. హెచ్.ఐ.ఎఫ్. అనే ప్రోటీను ఒకటుంది. ఎరిత్రోపోయిటిన్ జన్యువుని పనిలోకి దించేది అదే. ఆక్సిజన్ తగ్గినప్పుడు దాన్ని తయారు చేస్తారేమో అనుకుంటాం. అలా కాదు. గుమాస్తా ఇండెంట్లు రాస్తూనే ఉంటాడు, ఆక్సిజన్ ఉన్నంతసేపూ వాటికి ‘క్యాన్సిల్’ ముద్ర పడుతూ ఉంటుంది, నిమిషాల్లో చిరిగి బుట్టలో పడుతుంటాయి. ఆక్సిజన్ తగ్గితే ముద్ర వేసేవాడు ఉండడు. చిరగని ఇండెంటు పైకి పోతుంది. రోజూ రాసి చించడం దుబారా కాదా అని నా ఆడిటరు బుద్ధికి అనిపించింది. కాని ఆపదలో కొత్తగా రాయడం కన్నా చించడం ఆపేయడమే త్వరగా అయ్యే పని. ఈ గుట్టు విప్పినందుకు విలియం కేలిన్, గ్రెగ్ సెమెంజా, పీటర్ రాట్‌క్లిఫ్‌లకు 2019లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. వీరిలో రాట్‌క్లిఫ్ చదువు రీత్యా కిడ్నీ వైద్యుడే.

లేహ్‌లో నా కిడ్నీలు కొన్ని గంటల్లోనే ఆ ఇండెంటు పంపి ఉంటాయి. మూడు నాలుగు రోజులకి కొత్త కణాలు రావడం మొదలై ఉంటుంది. తిరిగి వచ్చాక దానికి ఎదురు జరిగింది. ఆక్సిజన్ పుష్కలం, ఇండెంట్లన్నీ బుట్టలోకి. మూడు నెలల తర్వాత నా అంకె 14.5. నేను గొప్పగా చెప్పుకున్న ఇంక్రిమెంటు మొత్తం శరీరం వెనక్కి తీసేసుకుంది. అనవసరమైన స్టాకు అది ఉంచుకోదు. అంతరిక్షంలో ఉన్నవారి విషయంలో మరీ చోద్యం. 2022లో కెనడా శాస్త్రవేత్తలు 14 మంది వ్యోమగాములను పరీక్షించి ప్రకటించారు: భూమి మీద సెకనుకి 20 లక్షల కణాలు నశిస్తుంటే అక్కడ 30 లక్షలు నశిస్తున్నాయట, అదీ ఉన్న ఆరు నెలలూ.

పెంచడమే గొప్ప కాదని టిబెట్ వాసుల్ని చూసినా తెలుస్తుంది. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో ఉండేవారికి హిమోగ్లోబిన్ బాగా ఎక్కువ. కొందరికి అది మితిమీరి, రక్తం చిక్కబడి, తలనొప్పులు, గుండె బరువు వస్తాయి. అంతే ఎత్తున టిబెట్‌లో వేల ఏళ్ళుగా ఉంటున్నవారికి అంత పెరగదు. ఈ ఇండెంటు గుమాస్తా జన్యువులోనే వారికి చిన్న మార్పు ఉందని 2010లో తేలింది. వారి శరీరం కొండకి అలవాటు పడింది, నాలాగా కంగారు పడదు.

అప్పకి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వారానికొకటి, చర్మం కింద. దానికి ముందు ఒంట్లో ఇనుము నిలవ, బి12, ఫోలిక్ ఆమ్లం చూశారు. ఆర్డరు పంపినా ముడిసరుకు లేకపోతే ఫ్యాక్టరీ నడవదు కదా. ఈ ఫోలిక్ ఆమ్లం పేరు వింటే మనకి ఇద్దరు గుర్తుకు రావాలి. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను 1928 నుంచి పరిశోధించి, ఈస్టు సారంతో నయమవుతుందని చూపిన ఇంగ్లీషు డాక్టరు లూసీ విల్స్ ఒకరు. ఆ సారంలోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తర్వాత తేలింది. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకు నాయకత్వం వహించి 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేయించిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు రెండోవారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు, ఆ జబ్బుకే ఈ మందు పనికి వచ్చింది.

ఇక ఇనుము సంగతి. రోజుకి కొత్త కణాలకు కావలసిన ఇనుము 20 నుంచి 25 మిల్లీగ్రాములు. తిండి నుంచి ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగతాదంతా రిటైరైన కణాల నుంచి ప్లీహం, కాలేయం తిరిగి రాబట్టేదే. అందుకే వారం రోజుల దానిమ్మ రసానికి అంకె కదలదు. బీట్‌రూటు ఎరుపుకి, రక్తం ఎరుపుకి చుట్టరికం లేనే లేదు. అలాగని టానిక్కులు దండగని నేననడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందులో ఇనుము కొరత పెద్ద కారణం. వారికి ఇనుమే మందు. మా అప్పకి కూడా కొంత పెట్టారు. కాని కారణం వెతక్కుండా ఏడాదిన్నర సీసాలు మార్చడం మా తెలివి. షుగరు ఉన్న మనిషికి హిమోగ్లోబిన్ తగ్గుతుంటే క్రియాటినిన్ ఒక్కసారైనా చూపించాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ ఇంజెక్షన్ మందు ఎలా దొరికిందో చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. 1906లో పారిస్‌లో కార్నో అనే ఆయన, రక్తం తీసిన కుందేలు సీరం మరో కుందేలుకి ఎక్కిస్తే దాని కణాలు పెరిగాయని, అందులో ఏదో సందేశం ఉందని అన్నాడు. చాలామంది నమ్మలేదు. ఆ సందేశం కిడ్నీ నుంచి వస్తుందని 1957లో షికాగోలో జేకబ్సన్, గోల్డ్‌వాసర్ బృందం ఎలుకల్లో చూపించింది. కాని పదార్థాన్ని శుద్ధంగా పట్టుకోవడానికి గోల్డ్‌వాసర్‌కి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. చివరికి సాయం జపాన్ నుంచి వచ్చింది. అక్కడ మియాకే అనే డాక్టరు ఏప్లాస్టిక్ ఎనీమియా రోగుల మూత్రం 2,550 లీటర్లు పోగుచేసి, ఎండబెట్టి తెచ్చి ఇచ్చాడు. 1977లో అందులోంచి తీసింది కొద్ది మిల్లీగ్రాములు.

ఆ రోగుల మూత్రమే ఎందుకంటే, వారి జబ్బు మా అప్ప జబ్బుకి సరిగ్గా తిరగేసింది. వారి మూలుగ ఎండిపోయింది, కణాలు చేయలేదు. కిడ్నీలు మాత్రం చక్కగా ఉన్నాయి. ఆక్సిజన్ చాలడం లేదని ఇండెంటు మీద ఇండెంటు పంపుతూనే ఉన్నాయి. తీసుకునేవారు లేక ఆ ఇండెంట్లు మూత్రంలో పొంగి పోయాయి. ఎవరో తెలియని ఆ జపాన్ రోగుల కిడ్నీలు రాసిన ఆర్డరు చదివి నకలు తీయడం నేర్చుకున్నారు. 1983లో దాని జన్యువుని వేరు చేశారు, 1989లో మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. బరంపురంలో మా అప్ప పొట్ట మీద గుచ్చే ఆ చిన్న సూదిలో ఉన్నది ఆ నకలే.

నాలుగు నెలల్లో అప్ప అంకె 7.8 నుంచి 10.6కి వచ్చింది. నేను ఉత్సాహం పట్టలేక, “డాక్టరుగారూ, డోసు పెంచి 14 చేసేద్దామా?” అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కిడ్నీ రోగులకి 13.5 దాకా తేవాలని చూసిన ఒక పెద్ద అమెరికన్ పరిశీలన 2006లో వెలువడిందట. అందులో 11.3 చాలనుకున్న వారికన్నా ఎక్కువ తేవాలనుకున్న వారిలోనే మరణాలు, గుండె జబ్బులు, పక్షవాతం కలిపి ఎక్కువ కనిపించాయి. “పదీ, పదకొండున్నర మధ్య ఉంటే చాలు. నార్మల్ అంకె కోసం మనిషిని నష్టపెట్టం” అన్నారు. అంకె సరిచేయడమే పని అనుకునే నాకు ఆ మాట మింగుడుపడటానికి కొంతకాలం పట్టింది.

మూడో రిపోర్టు మా మనవడిది. 2024 ఫిబ్రవరిలో పుట్టాడు. పుట్టినప్పుడు హిమోగ్లోబిన్ 18.2. మూడో రోజుకి పచ్చబడ్డాడు, నీలం దీపాల కింద రెండు రోజులు పెట్టారు. పది వారాలప్పుడు ఏదో జ్వరానికి పరీక్ష చేస్తే 10.4. మా అమ్మాయి ఫోనులో ఏడుపు. “నాన్నా, సగం రక్తం ఏమైపోయింది?”

ఈసారి నేను దానిమ్మకాయల కోసం పరుగెత్తలేదు. గర్భంలో బిడ్డ ఊపిరి పీల్చడు. తల్లి రక్తం నుంచి మావి ద్వారా అందే ఆక్సిజన్ తక్కువ ఒత్తిడిలోనే అందుతుంది. శరీర శాస్త్రజ్ఞులు దాన్ని ఎవరెస్టు మీద ఉండటంతో పోల్చేవారు. అందుకే బిడ్డ నిండా రక్తంతో దిగుతాడు. మొదటి ఏడుపుతో ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, ఆక్సిజన్ వరదలా వస్తుంది, ఇండెంట్లు ఆగిపోతాయి. పాత కణాలు రాలుతుంటాయి, కొత్తవి రావు. రాలిన కణాల రంగే ఆ పచ్చదనంలో ఒక భాగం. రెండు మూడు నెలలకి అంకె పదీ, పదకొండుకి దిగాక కిడ్నీ మళ్ళీ మేలుకుంటుంది. ఈలోగా రాలిన కణాల ఇనుము కాలేయంలో డిపాజిట్ అయి ఉంటుంది, పెరిగే బిడ్డకి అదే పెట్టుబడి. పిల్లల డాక్టరు కూడా ఇదే చెప్పి, నెలలు నిండి పుట్టి బాగా పాలు తాగుతున్న బిడ్డకి ఇప్పుడేమీ అక్కర్లేదు, మళ్ళీ చూద్దాం అన్నారు. ఐదో నెలలో 11.6.

కిందటేడు అప్పకి ఇంజెక్షన్ల బదులు మాత్ర రాశారు. డెసిడుస్టాట్ అని, 2022లో మన దేశంలోనే అనుమతి పొందిన మందు, వారానికి మూడు రోజులు వేసుకోవాలి. అది చేసేది ఏమిటంటే, ఇండెంటు మీద పడే ‘క్యాన్సిల్’ ముద్రని అడ్డుకోవడం. మిగిలిన కాస్త కిడ్నీ, కాలేయం కలిసి ఆక్సిజన్ తక్కువ ఉందనుకుని ఆర్డరు పంపుతాయి. అంటే ఆ మాత్ర మింగినప్పుడు ఆవిడ శరీరం కొండ మీద ఉన్నాననుకుంటుందన్నమాట.

ఈ సంగతి మొన్న వరండాలో కూర్చుని అప్పకి వివరించాను. లేహ్ నుంచి వచ్చిన రోజు భోజనాల దగ్గర అన్న మాటకి క్షమించమని కూడా అడిగాను. ఆ మాట తనకి గుర్తే లేదంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కాసేపాగి, “అయితే నేనూ లేహ్ వెళ్ళొచ్చినట్టేనట్రా, విమానం ఖర్చు లేకుండా?” అని నవ్వి, లేచి మెట్లెక్కి మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చుకోవడానికి వెళ్ళింది. మధ్యలో ఒక్కచోటే ఆగింది.